రెండు వేళ్ల వదులు

మామిడి కాలంలో బంగారుపాళ్యం గుజ్జు ఫ్యాక్టరీని చూసినవాళ్లు పుష్యమాసంలో మళ్లీ వస్తే, దారి తప్పి వేరే చోటికి వచ్చామేమో అనుకుంటారు. ఎండాకాలంలో గేటు ముందు నుంచి హైవే దాకా తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. లోపల కాయలు కోసే ఆడవాళ్ల మాటలు, తిట్లు, నవ్వులు, వాటిని మించి ఈగల గోల. సీజను అయిపోయాక మిగిలేది గేటు దగ్గర కునికే వాచ్‌మన్, వెనక షెడ్డులో గుజ్జును ఆరబెట్టి పొడి చేసే నలుగురు మగవాళ్లు, ఆ షెడ్డుకు ఆనుకుని ఉన్న ల్యాబు. ల్యాబులో లోకేశ్వరి.

లోకేశ్వరికి నలభై దాటాయి. మొగుడు పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. పలమనేరులో ఉండే తమ్ముడు పండగలకు ఫోను చేసి, తిన్నావా అని అడిగి, జవాబు వినకుండానే పెట్టేస్తాడు. ఇలాంటి మనిషిని ఊళ్లో ఒంటికాయ శొంఠికొమ్ము అంటారు. అనేవాళ్లదేం పోయింది, నోరు ఊరికే వచ్చింది కదా. మొన్నమొన్నటిదాకా లోకేశ్వరి ఆ మాటకు నవ్వేసి ఊరుకునేది. అప్పుడామెకు చెంగమ్మ ఉండేది మరి.

చెంగమ్మ ఆమెకంటే బాగా పెద్దది. ఇద్దరూ మొదట గుజ్జు లైనులో పనిచేశారు. పైపులు జోడించడం, క్లాంపు బిగించడం, వేడినీళ్లతో కడగడం అన్నీ లోకేశ్వరికి చెంగమ్మే నేర్పింది. తర్వాత ఇద్దర్నీ ల్యాబుకు మార్చారు. పొడి రేణువులు ఎంత సన్నగా ఉన్నాయో చూడడం వాళ్ల పని. ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇత్తడి జల్లెళ్లను చెరో పక్క పట్టుకుని ఊపేవాళ్లు. చేతులు ఊగుతూ ఉంటే నోళ్లు ఊరకే ఉంటాయా? అల్లుళ్ల సంగతులు, బస్సులో జరిగిన కొట్లాటలు, చిత్తూరులో పూల ధర, అన్నీ ఆ జల్లెళ్లలోంచి రాలేవి. లోకేశ్వరి రోజు మొత్తం మీద మాట్లాడే మాటలు అవే. ఇంటికి పోతే మాట్లాడేది టీవీ, వినేది ఆమె.

ఆ ల్యాబులో ఒక పద్ధతి ఉంది. పొడి రుచి చూసేవాళ్లు తమ చేత్తో తాము నోట్లో వేసుకోకూడదు. ఏ డ్రమ్ములోదో ముందే తెలిస్తే నాలుక అబద్ధం చెబుతుందని ఎప్పుడో ఒక పాత సూపర్‌వైజరు పెట్టిన నియమం అది. అందుకని ఒకరు చెంచాతో తీసి బల్ల మీదుగా చేయి చాచి అవతలివాళ్ల నోట్లో పెట్టేవాళ్లు. తినేవాళ్లు కళ్లు మూసుకునేవాళ్లు. రోజూ చెంగమ్మ చేత్తో లోకేశ్వరి, లోకేశ్వరి చేత్తో చెంగమ్మ. ఉద్యోగం పేరుతోనైనా, ఆమె నోటికి ఇంకొకరి చెయ్యి అందేది అక్కడ ఒక్కచోటే.

ఇంతలో మిషను వచ్చింది. దాని అసలు పేరు పార్టికల్ సైజ్ ఎనలైజర్. ఫ్యాక్టరీలో అందరూ రేణువుల మిషను అన్నారు. పొడిని గాలి తోసుకొచ్చి రెండు అద్దాల మధ్య వదులుతుంది, వెలుగు కిరణం దాని గుండా పోయి రేణువుల కొలత చెబుతుంది, వెనక నుంచి పెద్ద పైపు ఆ పొడినంతా పీల్చి సంచిలో పోస్తుంది. ఇద్దరు మనుషులు ఒక పూటంతా ఊపి చెప్పేది అది ఒక నిమిషంలో చెబుతుంది. దానికి ఇద్దరు అక్కర్లేదు. మిషను దిగిన వారానికే చెంగమ్మ తన టిఫిను డబ్బా, చెప్పులు, కిటికీలోని దేవుడి పటం సర్దుకుంది.

"మిషనొచ్చింది గదా మే. ఇంగ ఇద్దరెందుకంట," అని చెప్పి, వెనక్కి తిరిగి చూడకుండా తవణంపల్లి దగ్గరున్న కూతురి ఊరికి పోయింది.

చెంచా అందించే రెండో చెయ్యి లేక పొడి రుచి చూడడం ఆగిపోయింది. అప్పటి నుంచి లోకేశ్వరి మేనేజరు జయచంద్రతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. చెంగమ్మను తీసేసింది ఆయనేనని ఆమె లెక్క. మిషను మీద గుడ్డ కప్పినప్పుడు కూడా శవం మీద కప్పినట్టు కప్పేది. ఎవరి కోపం వాళ్లది, ఇనుముకేం తెలుస్తుంది?

అలాంటి మిషనుకు ఓనరుగారి వాస్తు అడ్డం పడింది. కంపెనీ ఇంజనీరు మునికుమార్ తిరుపతి నుంచి వచ్చి ల్యాబులో ఈశాన్యం మూల చక్కగా బిగించి పోయాడు. నెలల పాటు అది బాగానే ఆడింది. మొన్న ఓనరు వచ్చి చూసి, ఈశాన్యంలో బరువు పెడతారా ఎవరైనా అని గుండెలు బాదుకున్నంత పని చేశాడు. షెడ్డులోని నలుగురూ వచ్చి దాన్ని నైరుతికి మోశారు. మోసేటప్పుడు పైపులన్నీ పీకేశారు. పీకడానికి ఎవరి చెయ్యయినా చాలు, పెట్టేవాడు కదా కావలసింది. బయ్యరుకు పంపవలసిన పొడి రిపోర్టు బుధవారం సాయంత్రానికి పోవాలి. సోమవారం ఉదయం జయచంద్ర ల్యాబుకు వచ్చాడు.

"మునికుమార్ శ్రీ సిటీలో ఇరుక్కున్నాడంట, వారం దాకా రాలేడు. ఫోన్లో చెప్తాడంట, నువ్వే పెట్టి చూడమ్మా. కాకపోతే ఏం చేస్తాం, చెంగమ్మను పిలిపించి జల్లెళ్లతోనే కానిద్దాం."

చివరి మాట ఆయన మామూలుగానే అన్నాడు. లోకేశ్వరి చెవిలో మాత్రం అది గుచ్చుకుని ఉండిపోయింది.

మునికుమార్ వీడియో కాల్‌లోకి వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. "భయపడాకండక్కా. రెండే రెండు కనెక్షన్లు. సన్న ట్యూబు గాలి తోసేది, లావు పైపు గాలి పీల్చేది. ముందు సన్నది పెట్టండి."

నీలం రంగు ట్యూబు చివర నలిగి ఉంది. అతను చెప్పినట్టు బ్లేడుతో అడ్డంగా, సమంగా కోసి రంధ్రంలో పెట్టి నొక్కింది. టక్కుమంది. లాగి చూసింది, రాలేదు. తర్వాత లావు పైపు. ఒక చివర పీల్చే డబ్బాకు, ఇంకో చివర మిషను వెనక ఉన్న రబ్బరు మూతికి. మిషనును గోడకు దగ్గరగా పెట్టడం వల్ల వెనక సందు తక్కువ. లోకేశ్వరి నేల మీద పక్కకు పడుకుని, చెయ్యి చాచి, పైపును మూతిలోకి సగం దూర్చి, లేచి స్విచ్చి వేసింది.

డబ్బా గుర్రుమంది. కంప్యూటరు తెర మీద ఎర్రగా ఏదో వచ్చింది.

"పీల్చడం చాల్లేదంటా ఉండాది," అన్నాడు మునికుమార్. "యాడన్నా వదులుగా ఉండాదేమో చూడండక్కా."

"వదులుగానే పెట్టినాను. ముందు గాలి పోవల్ల గదా?"

అతనికి అర్థం కాలేదు. లోకేశ్వరి విడమరిచి చెప్పింది. గుజ్జు లైనులో పంపు వేసేటప్పుడు చివరి జాయింటును బిగించరు. పైపులో ఉన్న గాలి ముందు ఆ సందులోంచి బుస్సుమని పోతుంది, వెనకే గుజ్జు చుక్క కనిపిస్తుంది, అప్పుడు బిగిస్తారు. ముందు వదులు, తర్వాత బిగువు. ఇన్నేళ్లుగా ఆ ఫ్యాక్టరీలో పైపు పట్టుకున్న ప్రతి చెయ్యీ చేసేది అదే.

మునికుమార్ నవ్వాడు. "అది తోసే పైపుకక్కా. ఇది పీల్చేది. సందు ఉండాదంటే పొడిని వదిలేసి రూములో గాలంతా పీలుస్తాది. ఆనేదాకా తొయ్యండి."

మళ్లీ నేల మీద పడుకుని, దమ్ము బిగబట్టి తోసింది. పైపు మూతిలోకి పూర్తిగా దిగింది. డబ్బా గుర్రు మారి, ఒక్కటే సన్నని కూతగా నిలబడింది. ఎర్ర అక్షరాలు పోయాయి. పళ్లెంలో చెంచాడు పొడి వేసి మీట నొక్కింది. పొడి వణుకుతూ పోయి లోపల మాయమైంది. తెర మీద గీత ఒకటి మెల్లగా లేచి, గుండ్రని గుట్టలాగా ఎదిగి, అవతలి వైపు దిగింది.

"సూపరక్కా! నేను రాకుండానే చేసేసినారు," అని మునికుమార్ ఫోను పెట్టేశాడు.

లోకేశ్వరికి సంతోషం వేసింది. నిజంగానే వేసింది. "చూడక్కా!" అని గట్టిగా అనేసింది కూడా. అన్నాక బల్ల అవతల చెంగమ్మ ఖాళీ కుర్చీ కనిపించింది. కుర్చీ వెనక గోడ. పీల్చే డబ్బా ఆపేసరికి గదిలో నిశ్శబ్దం పడింది. దూరంగా హైవే మీద లారీ ఒకటి గేరు మార్చుకుని పోయింది.

ఇంక ఎప్పటికీ ఇంతేనని అప్పుడామెకు తెలిసింది. ఈ మిషను తన చేత్తో తానే బాగుచేసుకుంది. రేపటి నుంచి ఇది మళ్లీ ఒక నిమిషంలో పని ముగిస్తుంది, మిగిలిన రోజంతా మళ్లీ తానూ ఆ కుర్చీ. చెంగమ్మను పిలవడానికి ఇంక ఎవరికీ కారణం ఉండదు. చేతులారా గొయ్యి తవ్వుకోవడం అంటే ఇదే.

ఆమె చాలాసేపు కూర్చుంది. తర్వాత లేచి, మిషను వెనకకు పోయి, నేల మీద పడుకుని, పైపును పట్టుకుని వెనక్కి లాగింది. ఎక్కువేం కాదు, రెండు వేళ్లంత.

మధ్యాహ్నం జయచంద్ర అడిగాడు. "ఏమైందమ్మా?"

"పీల్చడం లేదు సార్."

అబద్ధం చెప్పడం అలవాటు లేనివాళ్లకు ఇలాంటి మాటలే దొరుకుతాయి. వినేవాడికి అబద్ధం, చెప్పినవాళ్లకు సగం నిజం. జయచంద్ర తెర మీది ఎర్ర అక్షరాలు చూసి తల గోక్కున్నాడు.

"అయితే చెంగమ్మకు ఫోన్ చేయల్ల. వస్తాదో రాదో..." అని ఆమె ముఖంలోకి చూసి, ఏదో చెప్పబోయి మానుకున్నాడు. తప్పు చేసినవాడికి ముఖం ఎట్లా చెల్లుతుందిలే అనుకుంది లోకేశ్వరి.

మర్నాడు ఆమె పొద్దున్నే లేచి చింతపండు పులిహోర చేసింది, చెంగమ్మ భాగానికి వేరే డబ్బా కట్టింది. బస్సు దిగి బజారులో చామంతిపూలు రెండు మూరలు కొన్నది. ల్యాబు ఊడ్చింది, బల్ల తుడిచింది, జల్లెళ్లను తోమి వరసగా పేర్చింది. పెళ్లిచూపులకు కూడా ఆమె ఇంత హడావిడి పడలేదు.

చెంగమ్మ ఆటో దిగి వచ్చింది. వస్తూనే గుమ్మంలో నిలబడి మొదలుపెట్టింది.

"ఏమ్మే లోకీ, ఇట్ల చిక్కిపోయినావు? తింటా ఉండావా, టీవీకి పెడతా ఉండావా?"

లోకేశ్వరి నవ్వింది. ఎన్నాళ్లకో నవ్వడం వల్ల బుగ్గలు కొత్తగా అనిపించాయి. చెంగమ్మకు పూలు పెట్టింది, నీళ్లిచ్చింది, కుర్చీ జరిపింది. జల్లెళ్లకు ఆ పక్క ఒకరు, ఈ పక్క ఒకరు. మాటలు మొదలయ్యాయి. కూతురి అత్త పెట్టే ఆరళ్లు, పక్కింటివాళ్ల కోడిపుంజు, ఊళ్లో కొత్తగా వచ్చిన డాక్టరు. లోకేశ్వరికి ఆ గది మళ్లీ తన గదిలాగా కనిపించింది. మిషను నైరుతి మూల గుడ్డ కప్పుకుని గమ్మున ఉంది. చూశావా నీ పని ఎట్లా పట్టానో అని దానికి ఒక చూపు విసిరింది.

కాసేపటికి ఊపు తప్పింది. ఇటు ఎంత ఊపినా అటు నుంచి బదులు రావడం లేదు. చూస్తే చెంగమ్మ ఎడమ చేత్తో పట్టుకుని ఉంది.

"ఏమక్కా, కుడిచెయ్యికి ఏమైంది?"

"ఏం కాలేదు. కానీ, ఊపు."

ఇంకాసేపటికి జల్లెడ జారి, పొడి బల్ల మీద ఒలికింది. చెంగమ్మ కొంగు చాటున మణికట్టు పట్టుకుని పెదవి కొరుక్కుంది. లోకేశ్వరి జల్లెళ్లను తన వైపు లాక్కుని, "నువ్వు మాట్లాడక్కా, నేను ఊపుతా," అంది. ఒక్కతే ఊపడం మొదలుపెట్టింది. చెంగమ్మ ఆమె చేతుల వైపు చూసింది. తర్వాత లేచి మిషను దగ్గరికి పోయి గుడ్డ తీసింది.

"దీనికేం వచ్చింది? ఏదీ, చూడనీ."

"అది పాడైందిలే అక్కా, రా."

చెంగమ్మ వినలేదు. పైపులతో బతికిన మనిషి, ముందు పైపు దగ్గరికే పోయింది. గోడ పక్కన వంగి, చేయి పెట్టి తడిమి, "ఇది నువ్వేనా పెట్టింది? వదులుగా ఉండాదే," అంది.

"నువ్వు నేర్పిందే గదక్కా. ముందు వదులు, తర్వాత బిగువు."

చెంగమ్మ నవ్వింది. నవ్వుతూనే బొటనవేలితో పైపు చుట్టూ తుడిచింది. ఆ గదిలో ప్రతి వస్తువు మీదా మామిడి పొడి సన్నగా పేరుకుని ఉంటుంది. పైపు మీద కూడా ఉంది. మూతికి దగ్గరగా రెండు వేళ్ల వెడల్పున మాత్రం పొడి లేదు. అక్కడ నల్లగా, కొత్తదానిలాగా మెరుస్తోంది.

"ఇది ఒకసారి కడాకు పోయింది మే," అంది చెంగమ్మ నెమ్మదిగా. "పోయినదాన్ని మళ్లా ఎవురో ఎనక్కి లాగినారు."

దొంగకు తేలు కుట్టినట్టయింది లోకేశ్వరికి. జల్లెడ చేతిలోనే ఉండిపోయింది. దాన్ని బల్ల మీద పెట్టి, ఒక్కసారిగా బయటపడింది.

"అవునక్కా, నేనే లాగినా. నిన్ను తీసేసి దీన్ని తెచ్చినారు గదా. ఇది ఆగిపోతేనన్నా నిన్ను పిలుస్తారని లాగినా."

"నన్నెవురూ తియ్యలేదు."

చెంగమ్మ వచ్చి ఎదురుగా కూర్చుని, కొంగు తీసి కుడి మణికట్టు బల్ల మీద పెట్టింది. దాని చుట్టూ పట్టీ చుట్టి ఉంది. వేళ్లు లావెక్కి ఉన్నాయి.

"నేనే పోతానని జయచంద్ర సారుకు చెప్పినా. ఈ చెయ్యి జల్లెడ పట్టలేకుండా అయిపోయి శానా నాళ్లయింది మే. నీకు తెలీకుండా ఎడమ చేత్తో నెట్టుకొస్తా ఉంటి. మిషను రాకపోయినా పోయేదాన్నే. అది రావడం మంచిదైంది, దాని మీద పెట్టి పోయినా. లోకీతో చెప్పొద్దు సార్ అని నేనే అన్నా."

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెప్తే నువ్వు ఇప్పుడు చేసినావే, అదే చేస్తావు. నా పని గూడా నువ్వే చేసి, కూర్చోక్కా, మాట్లాడక్కా అంటావు. నువ్వు ఉండమంటే నేను పోలేను మే." ఆమె పట్టీ కొస సర్దుకుంది. "మిషను మీద కోపమైతే నాలుగు తిట్లు తిట్టుకుంటావు, తీరిపోతాది. నా మీద కోపమొస్తే యాడ పెట్టుకుంటావు?"

లోకేశ్వరి ఏడ్చింది. ఇన్ని నెలలు తిట్టుకోవడానికి ఒక మేనేజరు, ఒక మిషను ఉన్నాయి. తన మనిషిని ఎవరో లాక్కున్నారు అనుకున్నప్పుడు ఒంటరితనంలో కూడా ఒక పౌరుషం ఉండింది. ఇప్పుడు అదీ లేదు. ఎవరూ లాక్కోలేదు. చెయ్యి నొప్పి పెట్టింది, మనిషి పోయింది. దీనికి ఎవరి మీద కోపగించుకోవాలో ఆమెకు తోచలేదు.

చెంగమ్మ మళ్లీ మిషను వెనకకు పోయి వంగింది. పైపును రెండు చేతులతో పట్టుకుని తోసింది. కదల్లేదు. మళ్లీ తోసింది. నొప్పికి "అమ్మా" అంది. లోకేశ్వరి లేచి వెళ్లి, ఆమె పక్కనే నేల మీద కూర్చుని, ఆ లావెక్కిన వేళ్ల మీద తన చెయ్యి వేసింది. ఈసారి తోసింది లోకేశ్వరే. పైపు ఆనేదాకా పోయింది, మెరిసే రెండు వేళ్ల పట్టీ లోపలికి దిగి కనపడకుండా పోయింది.

లోకేశ్వరి పీల్చే డబ్బా స్విచ్చి వేసింది. సన్నని కూత. చెంచాడు పొడి వేసి మీట నొక్కింది. గీత లేచింది.

"చూడక్కా," అంది లోకేశ్వరి ముక్కు తుడుచుకుంటూ.

"అబ్బా, గుట్ట మాదిరి వచ్చిందే!" అంది చెంగమ్మ. "నా కళ్లకు అద్దాలు పెట్టించినా ఇంత సన్నం చూడలేను మే."

పులిహోర తిన్నారు. ఆ రోజు పొడి రుచి కూడా పద్ధతి ప్రకారమే చూశారు. చెంగమ్మ ఎడమ చేత్తో చెంచా చాచి, లోకేశ్వరి కళ్లు మూసుకుంటే నోట్లో పెట్టింది. సాయంత్రం హైవే దగ్గర లోకేశ్వరి ఆమెను బస్సెక్కించింది. ఇద్దరూ అప్పుడప్పుడు ఫోను చేసుకుందామనుకున్నారు. అందరూ అలాగే అనుకుంటారు. బస్సు చిత్తూరు వైపు పోయేదాకా నిలబడి వెనక్కి వచ్చింది.

గేటు దగ్గర జయచంద్ర ఎదురయ్యాడు. "మిషను ఆడతా ఉండాదంటనే! ఏముండింది దాంట్లో?"

"వదులుండింది సార్. బిగించినాను," అంది. ఆయన ముఖంలోకి నేరుగా చూసి అంది. చాలా నెలల తర్వాత అదే మొదటిసారి.

బుధవారం కొత్త డ్రమ్ము తెరిచారు. లోకేశ్వరి పొడి తెచ్చి, డబ్బా వేసి, మీట నొక్కి, వచ్చిన గీతను రిపోర్టులో చేర్చింది. పని ఒక నిమిషంలో అయిపోయింది. మిగిలింది రుచి. చెంచాతో తీసింది. తీసిన చెయ్యి అలవాటు చొప్పున బల్ల మీదుగా అవతలికి చాచుకుని, కుర్చీ ముందు గాల్లో ఆగింది. అక్కడ నోరు తెరిచేవాళ్లు లేరు. చెయ్యి నొప్పి పుట్టేదాకా అలాగే పట్టుకుంది.

తర్వాత ఆ చెంచాను కుడిచేతిలోంచి ఎడమచేతికి మార్చింది. పద్ధతి పద్ధతే కదా. కళ్లు మూసుకుని నోరు తెరిచింది.